బొండాడ వారు రైలు నడిపిన చవితి

రేకులపాలెంలో తెలివిగలవాళ్ళు ఎవరని అడిగితే ఊరంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. బొండాడ వారి ఇంటికెళ్ళి అడిగితే మాత్రం ముగ్గురన్నదమ్ములూ ఒకేసారి చెయ్యెత్తుతారు. పెద్దాడు ముత్యాలు, నడిమివాడు తవిటయ్య, చిన్నాడు గోవిందు. ముత్యాలు పెళ్ళాం మంగతాయారు చెయ్యెత్తదు, ఎందుకంటే ఎత్తమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. వాళ్ళ లెక్కలో లోకంలో పనులన్నీ చెడిపోవడానికి ఒకటే కారణం, జనం సొంత బుర్ర వాడటం. చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివిగలవాడు అని ముత్యాలు దారిన పోయేవాళ్ళని ఆపి మరీ చెబుతాడు.

ఆ తెలివి ఎలాంటిదో ఒక్క ముక్కలో చెబుతాను. ఓసారి మంగతాయారు పొయ్యి మీద పాలు పెట్టి, పొంగేదాకా చూస్తూ ఉండమని గోవిందుకి అప్పగించి పెరట్లోకి వెళ్ళింది. వాడు రెప్ప వెయ్యకుండా చూశాడు. పాలు పొంగాయి. అంతే, పని అయిపోయిందని లేచి బజారుకి పోయాడు. పాలు పొయ్యి నిండా, గట్టు నిండా, గుమ్మం దాకా. ఇంకో ఇంట్లో అయితే వాడి వీపు విమానం మోత మోగేది. ఇక్కడ ముత్యాలు వాడి భుజం తట్టాడు. ఏ ఇంట్లో కుర్రాడు పాలని ఇంత శ్రద్ధగా చూశాడో చెప్పమని వీధిలో అందర్నీ అడిగాడు. నన్నూ అడిగాడు. నేనేం చెబుతాను, నా మొహం.

ఈ వీధికి ఖర్మ కాలి వినాయక చవితి పందిరి హక్కు ఈ బొండాడ వారిదే. వాళ్ళ నాన్న మంచివాడు, బుర్ర ఉన్నవాడు. వీధి మొగలో మొదటిసారి పందిరి వేసి విగ్రహం నిలబెట్టింది ఆయనే. ఆయన పోయినా ఆయన మీద గౌరవం పోక, పందిరి పని కొడుకుల చేతుల్లోనే ఉంచారు. కిందటేడు చవితి ముందు వాన పట్టుకుంది. విగ్రహం తడవకుండా టార్పాలిన్ పట్టా కప్పమని కమిటీ ప్రెసిడెంటు గుర్నాథం గారు ముత్యాలుకి చెప్పారు. ముత్యాలు కప్పాడు. వాన తగ్గింది, ఎండొచ్చింది, చవితి కూడా వచ్చింది. పట్టా తియ్యమని ఎవరూ చెప్పలేదు. పూజారి గారు వచ్చి లాగేదాకా వీధి వీధంతా నల్ల పట్టాకి దణ్ణాలు పెట్టుకుంది.

దాంతో గుర్నాథం గారికి ఓపిక చచ్చింది. ఈ ఏడు జనం వచ్చి కళ్ళారా చూసేది ఏదైనా పందిట్లో ఉండాలి, వచ్చినవాళ్ళు సంతోషంగా వెళ్ళాలి, లేకపోతే వచ్చే ఏటి నుంచి ఈ పందిరి ఎత్తేసి చింతల వీధి పందిట్లోనే పండగ చేస్తామని అందరి ముందూ తేల్చేశారు. ముత్యాలు ఆ రోజు అన్నం తినలేదు. తెలివి లేదని ఎవరన్నా వాడికి పట్టదు గానీ, నాన్న పందిరి అంటే వాడికి ప్రాణం. పందిరి పోతే నాన్న రెండోసారి పోయినట్టేనని తమ్ముళ్ళ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అక్కడ మాత్రం నాకు వాడి మీద జాలేసింది. ఎంతోసేపు నిలవలేదనుకోండి.

అప్పుడు తవిటయ్యకి రైలు దొరికింది. నిజం రైలు కాదు, బుల్లి రైలు. రాజమండ్రిలో శేషగిరి గారని రిటైరైన డ్రాయింగు మాస్టారు ఒకాయన ఉన్నారు. ఆయనకి చిన్నప్పట్నుంచీ బొమ్మ రైళ్ళ పిచ్చి. గదినిండా పట్టాలు పరిచి కరెంటుతో రైలు తిప్పేవారు. ఇప్పుడు చిన్న వాటాలోకి మారుతూ, పెట్టుకోడానికి చోటు లేక అమ్మకానికి పెట్టారు. తవిటయ్య ఆ పట్టాలూ, ఇంజనూ, పెట్టెలూ, వేగం తగ్గించి పెంచే మీట ఉన్న కరెంటు డబ్బా, అన్నీ మామిడిపళ్ళ బుట్టలో వేసుకుని బస్సులో తెచ్చాడు. వినాయకుడి చుట్టూ పట్టాలు వేసి, రైలుపెట్టెల్లో ఉండ్రాళ్ళు పెట్టి తిప్పుతామని, వచ్చినవాళ్ళు ప్రసాదం రైల్లోంచే తీసుకోవచ్చని ముత్యాలు ప్రకటించాడు. వీధి ఆశ్చర్యపోయింది. వాళ్ళ బుర్రలోంచి వచ్చిన మొదటి మంచి ఆలోచన అది, ఆఖరుది కూడా.

ఇంటి హాల్లో పట్టాలు గుండ్రంగా పరిచారు. ఇంజను పెట్టారు. డబ్బా ప్లగ్గులో పెట్టి మీట తిప్పారు. ఇంజను కదల్లేదు. గోవిందు దానికి ఎదురుగా బోర్లా పడుకుని, రమ్మని పిలిచి చూశాడు. రాలేదు. ముత్యాలు మాస్టారికి ఫోను చేశాడు.

మాస్టారు నిదానంగానే చెప్పారు. అవి పాత పట్టాలు, చాలాకాలం పెట్టెలో ఉన్నాయి, పైన మకిలి పట్టి ఉంటుంది, మకిలి ఉన్నచోట కరెంటు ఇంజను చక్రాలకి అందదు. పట్టాలు మెరిసేదాకా రుద్దండి, ఇంజను చక్రాలు కూడా తుడవండి అన్నారు. మంగతాయారు చింతపండు నానేసి, పండక్కి ఇత్తడి సామాను తోమినట్టు పట్టాలన్నీ తోమి, కడిగి, ఎండబెట్టింది. ధగధగ మెరిశాయి. మళ్ళీ అతికించి మీట తిప్పారు. ఇంజను బుర్రుమని జానెడు దూరం నడిచింది. అన్నదమ్ములు ముగ్గురూ ఒకరినొకరు కావిలించుకున్నారు.

అక్కడితో ఆగితే వాళ్ళు బొండాడ వారెందుకవుతారు. మంగతాయారుకి గుర్తొచ్చింది, కొత్త బండి ఇంటికొస్తే పూజ చెయ్యందే నడపకూడదని. స్కూటరుకి చేశారు, పక్కింటి ట్రాక్టరుకి చేశారు, రైలుకి చెయ్యకపోతే ఎలా. పసుపు తడిపి ఇంజనుకి రాసింది. రైలు నడిచేది పట్టాల మీద కాబట్టి పట్టాలకీ రాయాలన్నాడు తవిటయ్య. రెండు పట్టాలకీ, ఒక చుట్టు పూర్తిగా, మందంగా మెత్తింది. అడుగడుక్కీ కుంకుమ బొట్లు పెట్టింది. తర్వాత చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి కదా. ఇంజను చక్రం కన్నా నిమ్మకాయ పెద్దది. ఇంజనుని నిమ్మకాయ మీద కూచోబెట్టారు. అది తొక్కలేదు. గోవిందు ఇంజనుని పట్టుకుని బలంగా అదిమాడు. నిమ్మకాయ పగిలింది, రసం ఇంజను పొట్టలోకి పోయింది. కొబ్బరికాయ కూడా ఇంజను మీదే కొట్టబోతుంటే, దానికి నెత్తి చిన్నదని వదిలేశారు. అదొక్కటే ఆ దేవుడు చేసిన మేలు.

పసుపు ఎండి పట్టాల మీద పెచ్చు కట్టింది. మీట తిప్పితే ఇంజను ఊపిరి కూడా తియ్యలేదు. మళ్ళీ ఫోను.

పట్టాలు రుద్దారా అని మాస్టారు అడిగారు. మెరిసేదాకా రుద్దామని ముత్యాలు చెప్పాడు. అబద్ధం కాదు. తర్వాత ఏం చేశారని ఆయన అడగలేదు, అడగని దానికి జవాబు చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు. ఆయన కాసేపు ఆలోచించి, అయితే పట్టా ముక్కల్ని కలిపే బుల్లి రేకు తొడుగులు వదులై ఉంటాయి, ఏ అతుకు దగ్గర కరెంటు ఆగిపోతోందో కనిపెట్టాలి, ఒక్కొక్క ముక్కా విడిగా పరీక్షించండి అన్నారు.

ఇంకేముంది, పట్టాలన్నీ ఊడబీకారు. ఒక ముక్క హాల్లో, ఒకటి వంటింట్లో, ఒకటి మంచం మీద, ఒకటి తులసికోట దగ్గర, దేనికది విడిగా పెట్టారు. కరెంటు తీగ మాత్రం గోడ పక్కన డబ్బాకే వేలాడుతోంది. ఇంజనుని చంటిపిల్లాడిలా ఎత్తుకుని ఒక్కో ముక్క మీదా నిలబెట్టి, కదులుతుందేమోనని ముగ్గురూ చుట్టూ చేరి చూశారు. ఏ ముక్క మీదా కదల్లేదు. ఎలా కదులుతుంది? తీగ తగిలించందే కరెంటు ఎక్కడ్నుంచి వస్తుంది? అది అడిగే బుర్ర అక్కడ ఒక్కటీ లేదు.

"అన్నీ పోయాయి మాస్టారూ" అన్నాడు ముత్యాలు ఫోనులో, ఇంట్లో ఎవరో పోయినంత దిగులుగా.

అన్నీ ఒకేసారి ఎలా పోతాయని మాస్టారు గట్టిగానే అడిగారు. ఆయన గొంతులో విసుగు మొదలైంది. అయితే ఇంకో సంగతి చూడండి, ఒక పట్టాలోంచి వెళ్ళిన కరెంటు ఇంజను గుండా రెండో పట్టాలోకి వస్తుంది, ఇంజను లేకుండానే ఆ రెండు పట్టాలూ ఎక్కడైనా ఒకదానికొకటి తగిలితే మధ్యలోనే వెనక్కి తిరిగి పోతుంది, వాటిని ఒకదానికొకటి తగలనివ్వకండి అన్నారు. ముత్యాలు మొదటి సగం వదిలేసి చివరి మాట గట్టిగా పట్టుకున్నాడు.

ఫోను పెట్టి పట్టాల వంక చూశాడు. రెండు పట్టాలూ పక్కపక్కనే ఉన్నాయి. వేలు పట్టేంత సందు. పైగా కింద నల్ల ప్లాస్టిక్కు అడ్డకమ్ములు రెండింటినీ కలిపి పట్టుకున్నాయి. ఇంత దగ్గరగా ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తగలకుండా ఉంటాయా అన్నాడు. తవిటయ్య అట్లకాడ తెచ్చాడు. అడ్డకమ్ముల్లోంచి పట్టాల్ని ఒక్కొక్కటే పీకారు. ఒకవైపు పట్టాలన్నీ హాల్లో గోడవారన పరిచారు. రెండోవైపువి పెరటి వసారాలో పరిచారు. మధ్యలో గోడ ఉంది, తలుపు ఉంది. తలుపు తోసుకుని ఒకదాని దగ్గరికి ఇంకోటి వస్తాయేమోనని మంగతాయారుని గుమ్మంలో కాపలా కూచోబెట్టారు. ఆవిడ పాపం వత్తులు చేసుకుంటూ మధ్యాహ్నం దాకా కూచుంది. తోడికోడళ్ళు దెబ్బలాడుకుంటే కూడా ఇంత దూరం పెట్టరు.

ఇప్పుడు రైలు ఎక్కడ పెట్టాలన్నది సమస్య. హాల్లో పెడితే వసారా పట్టాకి అందదు. వసారాలో పెడితే హాలుకి అందదు. గోవిందు చాలాసేపు ఆలోచించి, ఇంజనుకి రెండు పక్కలా చక్రాలున్నాయి కదా, నిలువునా కోస్తే ఒక సగం ఇక్కడా ఒక సగం అక్కడా నడుస్తుందన్నాడు. తమ్ముడి తెలివికి ముత్యాలు పొంగిపోయాడు. అయినా చెప్పందే ఏదీ చెయ్యరు కాబట్టి, ఇంజను కొయ్యడానికి చేతిరంపం సరిపోతుందా లేక వడ్రంగిని పిలవాలా అని మాస్టారికే ఫోను చేసి అడిగాడు.

మాస్టారు, నేను వచ్చేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోవద్దని ఒక్క మాటే చెప్పి ఫోను పెట్టేశారు. మర్నాడే చవితి. పొద్దున్నే మొదటి బస్సులో ఆయన రేకులపాలెంలో దిగారు. వచ్చేసరికి ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు, మంచాలు వాల్చలేదు, ఎవరూ మొహం కూడా కడుక్కోలేదు. ఏదీ ముట్టుకోవద్దన్నారు కదా.

ఆయన పసుపు పట్టాల్ని చూశారు. గోడకి ఇవతలొకటి, అవతలొకటి చూశారు. ఇంజను తిరగేస్తే నిమ్మగింజ రాలింది. ఆ పెద్దమనిషి నోటివెంట వచ్చిన మాటలు పండగపూట నేను చెప్పకూడదు. తిట్టుకుంటూనే పంచె ఎగ్గట్టి కూచున్నారు. పసుపు గోకి, పట్టాలు తుడిచి, అడ్డకమ్ముల్లో మళ్ళీ ఎక్కించారు. వదులైన రేకు తొడుగుల్ని పటకారుతో నొక్కి బిగించారు. పందిట్లో విగ్రహం చుట్టూ పెద్ద చుట్టుగా పట్టాలు వేసి, దూరంగా ఉన్న వైపు కరెంటు పల్చబడకుండా అక్కడికి ఇంకో తీగ లాగారు. ఇంజను విప్పి, తుడిచి, నూనె చుక్క వేసి నిలబెట్టారు. మీట తిప్పారు. రైలు కదిలింది. ఉండ్రాళ్ళ పెట్టెలు లాక్కుంటూ వినాయకుడి చుట్టూ చక్కగా తిరిగింది. మాస్టారి కళ్ళు కూడా మెరిశాయి. ఎంత తిట్టినా ఆయన పెంచుకున్న రైలు కదా.

ముత్యాలు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి, మీరే మా నాన్న పందిరి నిలబెట్టారన్నాడు. మాస్టారు ఇంటి దగ్గర తన పూజకి వేళవుతోందని తొందరపడుతూ రెండు జాగ్రత్తలు చెప్పారు. పట్టాల మీద ఎవరి కాలూ పడకూడదు, పడితే అతుకు వంగి మళ్ళీ మొదటికొస్తుంది. ఇంజను ముసలిది, ఆగితే మళ్ళీ కదలనని మొరాయిస్తుంది, సాయంత్రం దాకా ఆపొద్దు. ఈ రెండూ చెప్పి, వాళ్ళ మొహాలు ఇంకోసారి చూసి, ఏదో చెప్పబోయి, బస్సు హారను వినపడితే పరిగెత్తారు. ఆ చెప్పబోయిందేదో చెప్పి ఉంటే బాగుండేది.

పందిరి ఇరుకు. పట్టాల చుట్టు పెద్దది కావడంతో ముందువైపు పందిరి గుమ్మానికి అడ్డంగా పోతోంది. రెండు వేళ్ళ వెడల్పు పట్టాలు, అంగ వేస్తే చంటిపిల్లలు కూడా దాటతారు. కానీ తవిటయ్యకి అనుమానమొచ్చింది. ఊరి చివర రైల్వే గేటు దగ్గర వాడు ఎన్నిసార్లు నిలబడలేదు. రైలు వస్తుంటే గేటు వేస్తారు, రైలు పోయాక తీస్తారు. గేటు లేకుండా జనాన్ని పట్టాలు దాటిస్తే, కాలు పడితే, మాస్టారికేం సమాధానం చెబుతాం అన్నాడు. ముత్యాలు ఒప్పుకున్నాడు. అంతే, పొడుగాటి వెదురుబొంగుకి ఎర్రరంగూ తెల్లరంగూ పట్టీలుగా పూసి గుమ్మానికి అడ్డంగా కట్టారు. పక్కన సందులు లేకుండా తడికలు బిగించారు. తాడు లాగితే బొంగు లేస్తుంది, వదిలితే పడుతుంది. తాడు దగ్గర తవిటయ్య. విగ్రహం వెనక గోవిందు, రైలు వస్తోందని కేక వెయ్యడానికి. బొంగుకి లోపలివైపు, గుమ్మం దగ్గర జెండా పట్టుకుని ముత్యాలు. మంగతాయారు లోపల దీపాల దగ్గర.

జనం వచ్చారు. ఎన్నడూ రానంత మంది వచ్చారు. చింతల వీధి పిల్లలు కూడా వాళ్ళ పందిరి వదిలేసి వచ్చారు. పత్రి పళ్ళెంతో పూజారి గారు ముందు, పట్టుపంచెతో గుర్నాథం గారు వెనక, ఆ వెనక నేను. లోపల రైలు ఉండ్రాళ్ళు మోసుకుంటూ తిరుగుతుంటే గుర్నాథం గారి మొహం విచ్చుకుంది. ఈసారికి కుర్రాళ్ళు పరువు నిలబెట్టారని నాతో అన్నారు. నేనూ నమ్మాను, సిగ్గులేక.

రైలు గుమ్మం ముందు నుంచి పోయింది. తవిటయ్య తాడు మీద చెయ్యి వేశాడు. విగ్రహం వెనక నుంచి గోవిందు, వస్తోంది వస్తోంది అని కేకేశాడు. తవిటయ్య తాడు వదిలేశాడు. రైలు వచ్చింది, పోయింది. తవిటయ్య మళ్ళీ చెయ్యి వేశాడు, గోవిందు మళ్ళీ కేకేశాడు. గుండ్రటి పట్టా మీద రైలు ఎప్పుడు రావడం లేదు గనక? పోయిన మరుక్షణం నుంచీ అది వస్తూనే ఉంటుంది. బొంగు బెత్తెడు లేవడం, మళ్ళీ పడటం, ఇదే వరస.

మొదట్లో జనం నవ్వారు, ఇదీ ఆటలో భాగమేననుకున్నారు. పూజారి గారు ముహూర్తం దాటిపోతోందని నసిగారు. గుర్నాథం గారు ముందుకొచ్చి, బొంగు తియ్యి, అంగ వేసి దాటుతామన్నారు.

"పట్టాల మీద కాలు పడకూడదన్నారండీ మాస్టారు."

"పోనీ ఒక్క నిమిషం రైలు ఆపవయ్యా."

"ఆపొద్దన్నారండి."

"మరి మేం లోపలికి ఎప్పుడు రావాలి?"

"ఎంతసేపండీ, రైలు పోగానే తీసేస్తాం" అన్నాడు ముత్యాలు ఎంతో మర్యాదగా, జెండా ఊపుతూ.

గుర్నాథం గారు బొంగు మీద చెయ్యి వెయ్యబోతే, గేటు వేసి ఉండగా దాటడం పెద్దమనుషులు చెయ్యాల్సిన పని కాదని ముత్యాలు ఆయన చెయ్యి పట్టుకుని పక్కన పెట్టాడు. అందరి ముందూ పెట్టాడు. ఆయన మొహం కందగడ్డ అయింది. లోపల ఉండ్రాళ్ళు ఆవిరి చల్లారి, గట్టిపడి, చుట్లు తిరుగుతూనే ఉన్నాయి. చేతులు చాచి చాచి పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. అదే సమయానికి చింతల వీధి మైకులో ప్రసాదం పంచుతున్నామని పిలుపు వినపడింది. ముందు పిల్లలు జారుకున్నారు. తర్వాత ఆడవాళ్ళు. పూజారి గారు పత్రి పళ్ళెం ఎత్తుకుని అటే నడిచారు. వినాయకుడు ఒక్క పువ్వు కూడా నెత్తిన పడకుండా కూచున్నాడు.

చివరికి గుర్నాథం గారు బొంగు అవతల నుంచే చెప్పేశారు. "ముత్యాలూ, మీ నాన్న మొహం చూసి ఇన్నాళ్ళు ఊరుకున్నాను. వచ్చే ఏడు అందరికీ చింతల వీధి పందిరే. ఇక నన్ను అడగొద్దు."

ఆయన వెళ్ళిపోయారు. ముత్యాలు చేతిలోంచి జెండా జారిపోయింది. అప్పటిదాకా వాడి మొహంలో ఉన్న గర్వమంతా ఒక్కసారి ఊడిపోయింది. నాన్న పందిరి పోయిందిరా తవిటీ అని చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. మంగతాయారు పరిగెత్తుకొచ్చి, ఏడుస్తూ కూచుంటే ఎలాగండీ, ఆయన ఇంకా వీధి మలుపు తిరగలేదు, వెళ్ళి కాళ్ళు పట్టుకోండి, మనసు కరుగుతుంది అంది. ఆ ఇంట్లో పుట్టిన ఒకే ఒక్క తెలివైన మాట. నేను అక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను. నిజంగానే ఆయన మెల్లగా నడుస్తున్నారు, ఒకసారి వెనక్కి కూడా చూశారు. ఆయనకీ మనసొప్పక పిలుపు కోసమే ఆగినట్టుంది.

ముత్యాలు కండువాతో మొహం తుడుచుకుని, పంచె సర్దుకుని, గబగబా గుమ్మంలోకి వచ్చాడు. బొంగు అడ్డంగా ఉంది. విగ్రహం వెనక నుంచి గోవిందు వస్తోందని కేకేశాడు. ముత్యాలు ఠక్కున ఆగిపోయాడు.

"రైలు పోనీరా తవిటీ" అన్నాడు, కళ్ళనీళ్ళు కారుతుండగానే బుద్ధిగా చేతులు కట్టుకుని. "పోగానే తియ్యి. వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడతాను."

రైలు పోయింది. తవిటయ్య తాడు మీద చెయ్యి వేశాడు. గుర్నాథం గారు మలుపు తిరిగారు.